మగ్గం నిలిపిన రొంతసేపు

మా ఆయన పోయినాక నేను మగ్గాలను ముందుకంటే ఎక్కువసేపు నడపడం మొదలుపెట్టినాను. నగరిలో మా వీధి పేరుకు నేతగాళ్ళ వీధే గానీ, చాలామంది మరమగ్గాలను పాత ఇనుముకు వేసేసి వేరే పనుల్లోకి పోయినారు. మా కొసన మా ఇంటివి మాత్రం మిగిలినాయి. ఇద్దరం ఉన్నప్పుడు నాలుగు మగ్గాలు. ఆయన పోయినాక రెండు నిలిపేసి రెండు పెట్టుకొన్నాను. పొద్దన ఇంత టీ తాగి స్టార్టర్ నొక్కితే, అన్నం తినేటప్పుడూ సందకాడ దీపం పెట్టేటప్పుడూ తప్ప అవి నిలిచేవి కావు.

పని మీద ఆశతో కాదు. మగ్గం నిలిస్తే ఇల్లు వినపడతాదని.

మరమగ్గం నడిచే ఇంట్లో మాటలుండవు. పోగును మోసే నాడె అటూ ఇటూ కొట్టుకొనే శబ్దంలో గొంతు చించుకొన్నా పక్కనుండే మనిషికి వినపడదు. పెండ్లయి వచ్చిన కొత్తలో నాకు ఏడుపొచ్చేది. పోనుపోను మా ఇద్దరికీ ఒక చేతుల భాష వచ్చేసింది. చూపుడువేలు గుండ్రంగా తిప్పితే కండెలో నూలు అయిపోయిందని. రెండు వేళ్ళు కత్తెర మాదిరి ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు నోటికాడికి తెస్తే టీ తాగుదామా అని. పిల్లలు లేని ఇల్లు మాది. మా సంసారం సగం ఆ సైగల్లోనే జరిగిపోయింది. కోపాలు కూడా అట్లనే. అలిగితే ఆయన నా పక్కకు వీపు తిప్పి నిలబడేవాడు. ఇంక నేను ఎన్ని చేతులు ఊపినా లాభం లేదు.

ఆయన గుండె నొప్పితో తిరుపతిలో ఒక ఆసుపత్రిలో పోయినాడు. డాక్టరు లోపలికి పిలిచేదానికి ముందర నేను గేటు పక్కన బెంచీ మీద కూర్చొని ఉండాను. రోడ్డు మీద గుండ్లు కొట్టించుకొన్నవాళ్ళు గోవిందా గోవిందా అనుకుంటా బస్సుల్లో పోతా ఉండారు. కొండ ఎదురుగానే కనపడతా ఉండాది. చెయ్యెత్తి మొక్కాలని కూడా నాకు తోచలేదు. దేవుని మీద కోపమేమీ కాదు. కాళ్ళు చెప్పుల్లో ఉండాయి, చేతుల్లో అన్నం గిన్నె ఉండాది, నేను మాత్రం ఆ తావ లేను. ఆ లేకపోవడం ఇంటికొచ్చినాక కూడా పోలేదు. అన్నం తిన్నాక తిన్నానో లేదో గిన్నె చూసి తెలుసుకొనేదాన్ని. రెండు మగ్గాల మధ్య దినమంతా తిరిగినా, రాత్రికి ఆ దినం నాకు గుర్తుండేది కాదు.

మా ఇంటి ముందరి గది నూలు పెట్టుకొనేది. మగ్గాలు తగ్గినాక అది ఖాళీగా పడి ఉండేది. ఒక దినం ఒక ముసలామె ఆటోలో కుట్టుమిషను పెట్టుకొని వచ్చి గది బాడుగకు ఇస్తావా అని అడిగింది. ఆమె ముస్లిములామె. నగరిలోనే పుట్టి పెరిగింది. భర్త పోయి చాలా కాలమయింది. ఉండేది ఒకే బిడ్డ, ఆ బిడ్డను పాకాలకు ఇచ్చినారు. జాకెట్లు కుట్టుకొని బతికేది. ఊళ్ళో అందరూ ఆమెను ఆపా అనేవాళ్ళు. వాళ్ళ భాషలో అక్క అని. నేనూ అట్లనే పిలిచినాను. నాకు తల నెరిసినా ఆమె నన్ను పాపా అనే పిలిచేది.

వచ్చిన మరుసటి దినం పొద్దు వాలే ముందర, నా వెనక నిలబడి భుజం తట్టింది. ఉలిక్కిపడి తిరిగినాను. ఆమె నోరు కదులుతా ఉండాది గానీ ఏమీ వినపడలేదు. మగ్గాలు రెండూ నిలిపినాను.

"రొంతసేపు ఆపుతావా పాపా? నమాజు చేసుకొంటాను" అనింది.

"శబ్దముంటే చేసుకోకూడదా ఆపా?"

"చేసుకోవచ్చు. దేవునికేం చెవుడా? నాకే ఇబ్బంది. నీ మగ్గం టకాటకా అంటా ఉంటే దాంతోపాటు లెక్క పెట్టేస్తా ఉండాను. ఎన్నిసార్లు వంగినానో, ఎన్నిసార్లు లేసినానో మరిచిపోతా ఉండాను."

నాకు నవ్వొచ్చింది. చాలా దినాలకు వచ్చిన నవ్వు అది.

"మరి దినానికి ఐదుసార్లు కదా, ఐదుసార్లూ నిలపాల్నా?"

"వద్దొద్దు. తెల్లారుజామున నువ్వు నిద్రపోతా ఉంటావు. మధ్యాన్నం అన్నానికి నిలుపుతావు. సందకాడ దీపానికి నిలుపుతావు. రాత్రికి ఎట్లాగూ పడుకొంటావు. ఈ పొద్దు వాలే ముందరి అసర్ వేళ ఒక్కదానికే నిన్ను అడుక్కోవాల."

సరే అన్నాను. అట్ల మొదలయింది.

మొదట్లో ఆ రొంతసేపు నాకు ఎదురుచూడడమే. స్టార్టర్ మీద చెయ్యి పెట్టుకొని నిలబడి ఉండేదాన్ని. చాప మడిచి, "అయింది పాపా" అని గోడవతల నుంచి ఆమె అనంగానే నొక్కేదాన్ని. కొన్ని దినాలకు ఆ వేళకని పనులు దాచిపెట్టుకొన్నాను. తెగిన పోగులు ముడేయడం, మగ్గం కింద చేరిన దూది నుసి ఊడ్చడం, ఖాళీ కండెలు ఏరడం. చేతులు ఆడుతా ఉంటే ఆపేసినట్టు ఉండదు కదా. అదీ లేకుంటే ఫోను తీసి ఏదో ఒకటి చూస్తా ఉండేదాన్ని.

ఒక దినం పోగులన్నీ బాగుండాయి. కింద ఊడ్చేసి ఉండాను. ఫోనులో చార్జింగు లేదు. చేసేదేమీ లేక మగ్గం ముందరి పలక మీద కూర్చున్నాను.

మొదట చెవుల్లో గుయ్యిమని మోత. మగ్గం నిలిచినా మగ్గం మోత రొంతసేపు తలలో నడుస్తానే ఉంటాది. అది సన్నగా తగ్గిపోయింది. తగ్గినాక కొళాయి నుంచి బక్కెట్లోకి నీళ్ళ బొట్లు పడేది వినపడింది. అది కారుతా ఉండాదని అంతవరకు నాకు తెలీదు. వీధిలో ఎవరో సైకిలు తోసుకొని పోయినారు. గోడవతల ఆపా వంగినప్పుడు ఆమె మోకాలి ఎముక టక్కుమనింది. పెదాల మీద ఆమె చదువుకొనేది తెలిసీ తెలియకుండా వినపడతా ఉండాది. దాని కింద ఇంకొక శబ్దం. అది నా ఊపిరి. ముక్కులో నుసి చేరి రొంత బరువుగా వస్తా పోతా ఉండాది. నా ఊపిరిని నేను వినడం ఎన్నాళ్ళకో.

అట్ల వింటా ఉండంగానే నా బొటనవేలు దానంతట అది నోటికాడికి వచ్చింది. తల ఎదురు మగ్గం పక్కకు తిరిగింది.

ఆ వేళ మేము టీ తాగే వేళ. ఎదురు మగ్గం తావ ఎవరూ లేరు. ఆయన నిలబడి నిలబడి నున్నగా చేసిన బండ మాత్రం ఉండాది.

ఆసుపత్రిలో ఏడవలేదు నేను. శవం ఇంటికి తెచ్చినప్పుడు అందరూ ఏడస్తా ఉంటే ఏడ్చినట్టు చేసినాను. ఆ పొద్దు ఏడ్చినాను. నోట్లో కొంగు కుక్కుకొన్నా ఆగలేదు. నమాజు అయిపోయి ఆపా పిలిచింది గానీ, మగ్గం మోగకపోయేసరికి వచ్చి వాకిలి తావ నిలబడింది.

"ఏం పాపా, కరెంటు పోయిందా?"

లేదని తల ఆడించినాను. ఆమెకు అర్థమయింది. లోపలికొచ్చి మడిచిపెట్టిన బట్టల మూట మీద కూర్చునింది. ఏడవద్దని అనలేదు. ఓదార్చలేదు. కొళాయి తావకు పోయి గట్టిగా తిప్పి నీళ్ళ బొట్లు నిలిపి వచ్చి, మళ్ళా కూర్చునింది. తడి చేతులు కొంగుకు తుడుచుకొంటా అనింది.

"నేను కూడా మొదట్లో నమాజులో ఏడ్చేదాన్ని. దేవునికి చెప్పేది ఒక్క మాట కూడా నోటికి వచ్చేది కాదు. ఏడ్చి, చాప మడిచి, మళ్ళా మిషను తావకు పోయేదాన్ని."

ఆ మరుసటి దినం నుంచి అసర్ వేళ దగ్గరపడితే నాకు భయం మొదలయ్యేది. నిలిపితే మళ్ళా అది వస్తాది. కానీ నిలపకుండా ఉండేదానికి లేదు, గోడవతల ఒక మనిషి చాప పరుచుకొని నా కోసం కాచుకొని ఉండాది. నిలిపేదాన్ని. ఏడుపు వచ్చేది. కొన్ని దినాలు రాలేదు. రానప్పుడు ఏమి చెయ్యాలో తోచక ఊరికే కూర్చొనేదాన్ని. పాదాల కింద బండ చల్లగా ఉండేది. మోటారు వేడి, నూనె వాసన కలిసి ముఖానికి తగిలేవి. కిటికీలో నుంచి వచ్చే ఎండలో నుసి తేలుతా ఉండేది. అదంతా దినమూ ఉన్నిందే. చూసేదానికి నేను లేను.

ఒకసారి అడిగినాను. "ఆపా, నమాజులో లోపల ఏమనుకొంటావు?"

ఆమె సూదిలో దారం ఎక్కించేదానికి అవస్థ పడతా ఉండాది. కండ్లకు పొరలు వచ్చి అప్పటికే సగం మసక.

"ఏమనుకొంటాను? ఒక్కోసారి బియ్యం అయిపోయినాయని గుర్తొస్తాది. ఒక్కోసారి ఎవురిదో జాకెట్టు చెయ్యి తప్పు కత్తిరించినానని గుర్తొస్తాది. గుర్తొచ్చినప్పుడల్లా మళ్ళా వచ్చేస్తాను."

"యాడికి?"

"ఈడికే" అని చాప మీద చెయ్యి పెట్టి చూపించింది. "ఇంక యాడికి పోతాను?"

నేను దారం ఎక్కించి ఇచ్చినాను. ఇద్దరం మళ్ళా ఎవరి పని తావకు వాళ్ళం పోయినాము. కానీ ఆ మాట నాతో ఉండిపోయింది. మగ్గం తావనే కాదు. అన్నం వార్చేటప్పుడు, కొళాయి కింద బిందె నిండేటప్పుడు, మనసు యాడనో పోయిందని తెలిసినప్పుడు ఈడికే అనుకొని బిందె మీద చెయ్యి పెట్టేదాన్ని. నీళ్ళు ఎక్కేకొద్దీ ఇత్తడి చల్లబడేది చేతికి తెలిసేది. నేను పెద్ద భక్తురాలిని కాను. పూజ గది అంటే మా ఇంట్లో గోడకు కొట్టిన ఒక పలక. అయినా ఆ చల్లదనం తెలిసినప్పుడు లోపల ఎవరో నన్ను గుర్తుపట్టినట్టు ఉండేది. దానికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలీదు.

వానలు మొదలయిన కాలంలో ఆపా కొళాయి తావ జారి పడింది. తుంటి ఎముక విరిగింది. పాకాల నుంచి బిడ్డా అల్లుడూ వ్యాను తీసుకొని వచ్చినారు. ఆమెను చాపతో సహా పడుకోబెట్టి ఎక్కించినారు. "పాపా, మిషను మీద దుప్పటి కప్పు. నుసి పడతాది" అనింది. అంతే మాట్లాడింది. నొప్పికి ముఖం తెల్లగా పాలిపోయింది.

ఆమె పాకాలకు పోయినాక మగ్గాలను అసర్ వేళ నిలపలేదు. అడిగే మనిషి లేదు. కొన్నాళ్ళు అట్లనే నడిచింది. మళ్ళా పాత మాదిరే అన్నం తిన్నానో లేదో గిన్నె చూసి తెలుసుకొనే కాడికి వచ్చినాను. అది తెలిసిన దినం, పొద్దు వాలే వేళకు, రెండు స్టార్టర్లూ నొక్కి నిలిపేసి పలక మీద కూర్చున్నాను.

అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ నేను ఒంటరిగా కూర్చోలేదని. గోడవతల ఒక మనిషి వంగతా లేస్తా ఉంటే, ఆ మనిషి మీద ఆనుకొని కూర్చున్నాను. ఇప్పుడు గోడవతల ఏమీ లేదు. ఊపిరి వినపడింది, నాదొక్కటే. లేచి స్టార్టర్ నొక్కేద్దామని చెయ్యి పోయింది. నొక్కలేదు. ఆ రొంతసేపు గడవడం చానా కష్టమయింది. మరుసటి దినమూ కష్టమయింది. కానీ నిలిపినాను.

వీధిలో పోయేవాళ్ళు వాకిట్లో తల పెట్టి, "మీకు కరెంటు లేదా? మాకుండాదే" అని అడిగేవాళ్ళు. మా తోటికోడలు వచ్చి చూసి, "ఊరికే కూర్చొని గోడ చూస్తా ఉండావే, ఒంటిగా ఉంటే ఇట్లనే అవుతాది. టీవీ అన్నా పెట్టుకోగూడదా" అనింది. టీ పెట్టి ఇచ్చినాను.

చలికాలంలో ఒక దినం ఆపాను చూసేదానికి పాకాలకు పోయినాను. తిరుపతి వరకు బస్సు, ఆడ నుంచి పాసింజరు రైలు. రైల్లో నా ఎదురుగా కొండ నుంచి దిగివస్తా ఉండే ఒక కుటుంబం కూర్చునింది. అందరి ముఖాల్లో దర్శనం అయిన అలసట, చేతుల్లో లడ్డూ సంచులు. వాళ్ళలో పెద్దామె నా చేతిలో రొంత ప్రసాదం పెట్టి, "మీరు పైకి పోయొచ్చినారా?" అని అడిగింది. లేదమ్మా, పాకాలలో మా అక్క ఉండాది, ఆమెను చూసేదానికి అన్నాను. అక్క అనే మాట నోట్లోంచి దానంతట అది వచ్చింది.

ఆపా బిడ్డ ఇల్లు స్టేషనుకు దగ్గరే. మంచం మీద ఆపా చిన్నబిడ్డ మాదిరి ముడుచుకొని పడుకొని ఉండాది. చూపు దాదాపు లేదు. నా చెయ్యి తడిమి వేళ్ళ చివర్లు పట్టి చూసింది. పోగులు ముడేసి ముడేసి గట్టిపడినవి.

"పాపా వచ్చింది" అని బిడ్డను కేక వేసింది.

అన్నం తిన్నాము. ఆమె బిడ్డ మాకు టీ ఇచ్చి వెనక వాకిట్లో గుడ్డలు ఉతికేదానికి పోయింది. అసర్ వేళకు ఆపా పడుకొనే చేతులు కట్టుకొనింది. వంగేదీ లేసేదీ లేదు, కండ్లతోనే. అంతలో స్టేషనులో మైకు మొదలయింది, ఏదో రైలు వస్తా ఉండాదని మూడు భాషల్లో. తర్వాత గూడ్సు బండి ఒకటి ఇల్లంతా అదిరేటట్టు పోతా ఉండాది, పోతానే ఉండాది. నేను కుర్చీలో కూర్చొని ఉండాను. బండి పోయినాక కూడా ఆమె చాలాసేపు కదలలేదు. తర్వాత నవ్వింది.

"ఈడ రైలును ఆపమని ఎవుర్ని అడిగేది పాపా?"

"లెక్క తప్పినావా?"

"తప్పినాను. తప్పినా ఏం కాదులే. ఇంక నాకు లెక్క లేదు." తల నా పక్కకు తిప్పి అడిగింది. "నేను వచ్చేసినాక ఆ వేళకు మగ్గం నడుపుతా ఉండావు కదా?"

"లేదు ఆపా. నిలుపుతా ఉండాను."

"ఏంటికి?"

తెలీదు అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకొనింది. ఇద్దరం అట్లనే కూర్చున్నాము, గోడ లేకుండా. నా జీవితంలో నేను ఒక మనిషి పక్కన అంత నిండుగా కూర్చున్నది అదే. మళ్ళా మైకు మొదలయ్యేవరకు.

ఎండలు ముదిరినాక ఆమె బిడ్డ ఫోను చేసింది. మగ్గం శబ్దంలో వినపడక వీధిలోకి పరిగెత్తినాను. తెల్లారుజామున పోయిందంట. మధ్యాన్నం నమాజు కాంగానే మట్టి చేసేస్తారంట. నేను బయలుదేరినా అందేదానికి లేదు. లోపలికి వచ్చి మగ్గాలు నిలిపి కూర్చున్నాను. అది అసర్ వేళ కాదు, మధ్యాన్నం కూడా కాలేదు. ఏడుపు రాలేదు. ఎండ, నుసి, బండ అన్నీ ఉండాయి, నేనూ ఉండాను. ఆసుపత్రి బెంచీ మీద లేని మనిషి ఈ పొద్దు ఉండాది అనుకొన్నాను. దానివల్ల బాధ తగ్గిందా అంటే తగ్గలేదు, ఎక్కువే అయింది. కానీ అది నా బాధే అని తెలిసింది.

ఆమె ముందరి గది ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. కుట్టుమిషను వాళ్ళ బిడ్డ తీసుకొనిపోయింది. దినమూ ఆ వేళకు నిలుపుతాను. ఒక్కోసారి ఏమీ ఉండదు, చెవుల్లో మోత తగ్గేలోపల మనసు సంతకు పోయి తిరిగొస్తాది. ఒక్కోసారి లోపల ఒక నెమ్మది వచ్చి రొంతసేపు ఉండి పోతాది. పిలిస్తే రాదు. ఒంటరితనం మాత్రం యాడికీ పోలేదు. దాని పక్కన కూర్చొనేది నేర్చుకొన్నాను, అంతే.

పోయిన వారంలో గాలీవానకు స్తంభం ఒరిగి వీధంతా కరెంటు పోయింది. ఉక్కకు తాళలేక అందరూ వాకిళ్ళలోకి వచ్చినారు. ఎదురింట్లో కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల చంటిబిడ్డను భుజాన వేసుకొని నా తావకు వచ్చింది. అంతకుముందు మేము నవ్వుకొనడమే గానీ మాట్లాడుకొన్నది లేదు.

"అత్తా, మీరు దినమూ సాయంత్రం మగ్గం ఎందుకు నిలుపుతారో నాకు తెలీదు" అనింది. "నేను మాత్రం ఆ వేళ కోసం కాచుకొని ఉంటాను. వీడు ఆ శబ్దానికి పగలంతా నిద్రపోడు. మీరు నిలపంగానే ఉయ్యాల్లో వేస్తాను. కండ్లు మూస్తే ఇంక మళ్ళా మగ్గం మోగినా లెయ్యడు."

బిడ్డ నోట్లో వేలు పెట్టుకొని నన్నే చూస్తా ఉండాడు. వాని తల మీద చెయ్యి పెట్టినాను. చెమటకు తడిగా, వెచ్చగా ఉండాది. "లోపలికి రా అమ్మా, కూర్చో" అన్నాను. వంట ఉండాదత్తా, రేపు వస్తాను అని ఆమె వీధి దాటి పోయింది. మబ్బులు కొండల పక్క నుంచి కిందికి దిగతా ఉండాయి. కరెంటు వచ్చేదానికి ఇంకా సమయం పడతాదని ఎవరో అంటా ఉండారు. నేను వాకిట్లోనే కూర్చున్నాను.